మన పిల్లలూ - ఇంగ్లీషు కాంపోజిషనూ

తెలుగు సాహిత్యంలో అన్నిటికంటె పేరు పొందిన ఇంగ్లీషు పాఠం ఏదయ్యా అంటే, గిరీశం వెంకటేశానికి చెప్పిన పాఠమే అని ఎవరైనా ఒప్పుకుంటారు. గురజాడవారు 1909లో తిరగరాసి అచ్చువేయించిన "కన్యాశుల్కం"లోని ఆ ఘట్టం పాఠకులు మరిచిపోయి వుండరు. కొడుక్కి ఇంగ్లీషు ఎంతవరకు వంటపట్టిందో విందామని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరినీ ఒక్కసారి ఆ భాషలో మాట్లాడమంటుంది. వారు మాట్లాడుతారు. ఒకరు నక్షత్రం మీది పిల్లల పాట అందుకుంటే, రెండవవారు రీడరులోని వాక్యమొకటి వదులుతారు. మధ్యలో రేఖాగణితం కూడా వచ్చిపడుతుంది. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ సంబంధం లేదు. వెంకమ్మగారి సంతోషానికి మాత్రం మేర లేదు.

మనం నవ్వుకుంటాం. నవ్వుకొని, ఆ సాయంత్రమే ఇంటికి చుట్టాలు వస్తే మన పిల్లవాణ్ణి ముందుకు పిలిచి, "ఏదీ, మామయ్యగారికి ఇంగ్లీషులో ఒక వ్యాసం చెప్పు" అంటాం. వాడు చేతులు కట్టుకొని, "మై బెస్ట్ ఫ్రెండ్" అనే వ్యాసం గడగడా అప్పగిస్తాడు. ఆ వ్యాసంలోని స్నేహితుడు తెల్లవారకుండానే లేస్తాడు, పెద్దలను గౌరవిస్తాడు, తరగతిలో ఫస్టు వస్తాడు, అబద్ధం ఆడడు. అటువంటి స్నేహితుడు మనవాడికి లేడని మనకూ తెలుసు, వాడికీ తెలుసు. అయినా మామయ్యగారు భేష్ అంటారు.

తెలుగు చెప్పుకొని బ్రతికేవాడికి ఇంగ్లీషు కాంపోజిషనుతో ఏం పని అని మీరడగవచ్చు. పని వున్నది. ఈ పిల్లలే పదో తరగతి దాటి, రెండు మూడేళ్ళకు మా కాలేజీ బెంచీల మీదికి వస్తారు. "మీ ఊరి గురించి ఒక పేజీ రాయండి" అంటే, కలం నోట్లో పెట్టుకొని దిక్కులు చూస్తారు. ఊరు లేక కాదు. ఊరి గురించి చెప్పదగ్గ మాట తమ దగ్గర వుంటుందని వారికి ఎన్నడూ ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషులో సొంత వాక్యం రాయడం అలవాటు కానివాడికి తెలుగులోనూ అది రావడం లేదు. ఒక చేతికి కట్టిన కట్టు రెండో చేతిని కూడా మొద్దుబార్చినట్టున్నది.

నేనుండేది లక్డీకాపూల్. పేరుకు కర్రవంతెన, ఇప్పుడు నెత్తిమీద మెట్రో రైలు వంతెన. కిందటి యేడు ఇక్కడికి దగ్గరలోనే ఒక హైస్కూలువారు పిల్లలకు ఇంగ్లీషు వ్యాసరచన పోటీ పెట్టి, తీర్పరులు ముగ్గురిలో నన్నొకణ్ణిగా పిలిచారు. విషయం "ఏ రెయినీ డే". కాగితాలు దిద్దుతూంటే నాకు ఒకే వాన పదే పదే కురుస్తున్నట్టనిపించింది. నల్లని మేఘాలు కమ్ముతాయి, చల్లని గాలి వీస్తుంది, కాగితం పడవలు సాగుతాయి, నెమళ్ళు పురివిప్పి ఆడతాయి. నాంపల్లి సందులో నెమలి ఏ వానకు వచ్చిందో నాకు తెలియదు!

ఒక్క కుర్రవాడు మాత్రం వేరే వాన రాశాడు. లక్డీకాపూల్ దగ్గర నీళ్ళు నిలిచాయి, నాన్న స్కూటరు ఆగిపోయింది, సైలెన్సరులోకి నీళ్ళు పోయాయి, ఇద్దరూ తోసుకుంటూ ఇంటికి పోయారు. "అప్పుడు మా నాన్న ఉర్దూలో ఒక మాట అన్నాడు. దాని స్పెల్లింగు నాకు తెలియదు" అని వాడు ఇంగ్లీషులో రాసిన వాక్యం చదివి, నేను దిద్దే కలం కింద పెట్టి నవ్వాను. స్పెల్లింగు తప్పులు ఆ ఒక్కచోటనే కాదు, పేజీ నిండా వున్నవి. బహుమతి నెమలికి వెళ్ళింది. ఒకరికి ఇద్దరు ఓటు వేస్తే నేనేం చేయను?

ఈ జబ్బు ఈనాటిది కాదు. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే రోడ్డు మీదనే దీనికి గొప్ప దృష్టాంతం వున్నది. ఆ రోడ్డు పక్కనున్న "గోల్డెన్ త్రెషోల్డ్" ఇంటి పేరు చాలామంది వినేవుంటారు. నిజాం కాలేజీకి పునాది వేసిన ఆచార్య అఘోరనాథ ఛటోపాధ్యాయులవారి ఇల్లు అది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట తలుపులు తెరిచినది కూడా అక్కడే. వారి పెద్దమ్మాయి సరోజిని 1879 ఫిబ్రవరి 13న ఈ నగరంలో పుట్టింది.

ఆ పిల్ల చిన్నతనంలో ఇంగ్లీషు మాట్లాడనని మొండికేసింది. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి విసిగి, ఒక రోజంతా ఒంటరిగా గదిలో పెట్టి తలుపు వేశారు. బయటికి వచ్చేసరికి ఇంగ్లీషు వచ్చేసిందని, తరువాతి రోజుల్లో ఆమే ఒక ఉత్తరంలో వేడుకగా రాసుకున్నది. (ఈ పద్ధతిని నేటి తలిదండ్రులకు నేను సిఫారసు చేయడం లేదు. ఆ ఫలితం రావాలంటే లోపలికి వెళ్ళే పిల్ల సరోజిని అయివుండాలి.) తండ్రి ఆమెను గణితంలోనో విజ్ఞానశాస్త్రంలోనో పండితురాలిని చేయదలిచారు. పదకొండో యేట ఆల్జీబ్రా లెక్కతో కుస్తీ పడుతూంటే, లెక్క రాలేదు గాని పద్యం వచ్చింది. పదమూడో యేట ఆరు రోజుల్లో 1300 పంక్తుల కావ్యం రాసింది. దానికి నమూనా "లేడీ ఆఫ్ ది లేక్". అది స్కాటు కావ్యం! పదమూడేళ్ళ హైదరాబాదు పిల్లకు హుస్సేన్ సాగరం కళ్ళ ముందే వున్నది. కావ్యానికి నమూనా మాత్రం స్కాట్లండు సరస్సు నుంచి రావలసివచ్చింది.

1895లో నిజాంగారి వేతనం మీద ఆమె ఇంగ్లండు వెళ్ళింది. అక్కడ ఎడ్మండ్ గాస్ అనే విమర్శకునికి తన పద్యాలు చూపింది. ఆ సంగతి ఆయనే 1912లో ఆమె రెండవ సంపుటికి రాసిన పీఠికలో చెప్పాడు. పద్యాలు చక్కగానే వున్నవి, వ్యాకరణంలో లోపం లేదు, నడక కుదిరింది. వచ్చిన చిక్కల్లా, వాటిలో రాబిన్ పిట్టలు కూస్తున్నవి, స్కైలార్కులు ఎగురుతున్నవి, ఇంగ్లీషు పల్లెల చర్చి గంటలు మోగుతున్నవి. తాను పుట్టి పెరిగిన ఊళ్ళో ఎన్నడూ ఎగరని పిట్టలు! ఆయన మొగమాటం లేకుండా, ఇవన్నీ పక్కన పెట్టి నీ దేశపు కొండలూ, తోటలూ, గుళ్ళూ, నీ ఊరి మనుషులూ కనపడేట్టు రాయమన్నాడు. ఆమె కోపగించుకోకుండా విన్నది. 1905లో వెలువడిన మొదటి సంపుటికి "గోల్డెన్ త్రెషోల్డ్" అని పేరు. అందులో పల్లకీ బోయీలు వచ్చారు, సాలెవాళ్ళు వచ్చారు, కోరమాండల్ తీరపు జాలరులు వచ్చారు, హైదరాబాదులో పొద్దు వాలింది. 1912 నాటి సంపుటిలో మన బజార్లే వచ్చాయి. ఆ బజార్లలో ముత్యాలూ పూలూ కొంచెం ఎక్కువగానూ, దుమ్మూ బేరమూ కొంచెం తక్కువగానూ వున్నవనీ, రాబిన్ పిట్ట వెళ్ళిపోయినా దాని రాగం వెంటనే పోలేదనీ నా అభిప్రాయం. అది వేరే సంగతి.

ఇంకొక దృష్టాంతం విజయనగరానిది. 1883లో, ఇంకా విద్యార్థిగా వున్న గురజాడ అప్పారావుగారు ఇంగ్లీషులో "సారంగధర" కావ్యం ప్రకటించారు. కలకత్తాలో "రీస్ అండ్ రయ్యత్" పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చి తన పత్రికలో పునర్ముద్రించాడు. మెచ్చుకొని, నీ సొంత భాషలో రాయవయ్యా అని సలహా కూడా ఇచ్చాడు. ఆ సలహా వల్ల మనకు దక్కినదేమిటో వేరే చెప్పనక్కరలేదు. ఒకాయన భాష మార్చమన్నాడు. ఇంకొకాయన భాష వుంచుకొని చూపు మార్చమన్నాడు. తెలుగు పంతులుగా నాకు ముఖర్జీగారి మీదనే మక్కువ. కాని మన పిల్లలు బడిలో ఇంగ్లీషు రాయక తప్పదు. అంచేత కాంపోజిషను పిరియడులో మనకు అక్కరకు వచ్చేది గాస్ చెప్పిన మాటే. విచిత్రమేమంటే, అది ప్రతి హైస్కూలు మేష్టారూ రేపు పొద్దున్నే ఖర్చు లేకుండా చెప్పగల మాట.

పాఠ్యగ్రంథాల తప్పేమైనా వున్నదా అంటే, నిజానికి అంతగా లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన విద్యా ప్రణాళిక తరువాత తయారైన ఇంగ్లీషు వాచకాలు పిల్లవాణ్ణి డైరీ రాయమంటాయి, సంభాషణ రాయమంటాయి, వార్త రాయమంటాయి, చదివిన కథకు ముగింపు మార్చమంటాయి. పరీక్షలో "క్రియేటివ్ ఎక్స్‌ప్రెషన్" పేరుతో దీనికి మార్కులు కూడా కేటాయించారు. ఉపాధ్యాయులకు ఇంగ్లీషు బోధన నేర్పడానికి 1958 నుంచీ ఈ నగరంలోనే ఒక కేంద్ర సంస్థ వున్నది. అది పెరిగి పెరిగి విశ్వవిద్యాలయమే అయింది. మరి లోపం ఎక్కడ? కోఠీలో ఏ పుస్తకాల దుకాణానికైనా వెళ్ళి గైడు అడగండి. కథకు పిల్లవాడు ఊహించవలసిన ముగింపు అందులో అచ్చై వుంటుంది. పిల్లవాడు రాయవలసిన డైరీ అందులో వుంటుంది. ఎవరి డైరీ అని అడగకండి. అది రాష్ట్రంలోని పిల్లలందరి డైరీ.

మా వీధి పిల్లలు నలుగురైదుగురు శనివారం సాయంత్రాలు మా వరండాలో చేరుతూవుంటారు. వచ్చేది సంధులకూ సమాసాలకూ. సంచిలో ఇంగ్లీషు నోట్సు కూడా వుంటుంది గనుక అదీ బయటికి వస్తుంది. వారిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె. ఒకనాడు ఆమె "మై మదర్" వ్యాసం నా కంటపడింది. పదికి ఎనిమిది మార్కులు. "మా అమ్మ గృహిణి. ఉదయం ఆరు గంటలకు లేస్తుంది. ఖాళీ సమయంలో పుస్తకాలు చదువుతుంది, మొక్కలకు నీళ్ళు పోస్తుంది" అని అందులోని సంగతి. ఆ తల్లి నాకు తెలుసు. రెడ్‌హిల్స్‌లోని పిల్లల ఆసుపత్రి దారిలో ఇడ్లీ బండి పెట్టుకొని ఇల్లు నడుపుతున్నది. వారికి మొక్క పెట్టుకోవడానికి జానెడు చోటు లేదు.

"ఇదేమిటమ్మా, మీ అమ్మ సంగతి ఇందులో లేదే?" అన్నాను.

"అది ఇంగ్లీషుల ఉండదు కద సార్" అన్నది.

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదలలేదు. సిగ్గుపడి దాచిందేమో అనుకున్నాను మొదట. అది కాదు. ఇంగ్లీషులో అమ్మ అంటే మొక్కలకు నీళ్ళు పోసే ఆవిడే అని ఆ పిల్ల నిజంగానే నమ్మింది. సరోజినీదేవికి సరస్సు అంటే స్కాట్లండులోనే వుండవలసివచ్చినట్టు, ఈ పిల్లకు అమ్మ గైడులోనే వుండవలసివచ్చింది.

నేను చేసినదల్లా మూడు ప్రశ్నలు అడగడం. అమ్మ ఎన్నింటికి లేస్తుంది? మొదటి బేరం ఎవరిది? అమ్మకు దేనికి కోపం వస్తుంది? తెలుగులోనే అడిగాను, తెలుగులోనే చెప్పింది. చెప్పడం మొదలుపెట్టిన తరువాత ఆపడం కష్టమైంది. తెల్లవారుజామున మూడింటికి గ్రైండరు చప్పుడట. ఆసుపత్రిలో బిడ్డలను చేర్చిన జిల్లాలవాళ్ళు రాత్రంతా బయట కూర్చుని, తెల్లారగానే వచ్చి ఒక్క ప్లేటు ఇద్దరు తింటారట. "ఇప్పుడు చెప్పినవే, నీకు వచ్చిన ఇంగ్లీషులో రాసుకొనిరా. తెలియని మాట వస్తే తెలుగు మాటే పెట్టు" అన్నాను. మరుసటి శనివారం ఒకటిన్నర పేజీ తెచ్చింది. అందులో ఒక వాక్యం: "మై మదర్ నెవర్ కౌంట్ ది చట్నీ, షి కౌంట్ ది ప్లేట్స్." చట్నీ ఎన్నిసార్లు అడిగినా వేస్తుంది, స్టీలు ప్లేట్లు మాత్రం సాయంత్రం లెక్కపెట్టుకుంటుంది.

తల్లిని గురించి ఇంతకంటె పొందికైన వాక్యం ఎమ్మే విద్యార్థుల చేత రాయించలేకపోయాను. "కౌంట్" పక్కన ఒక "ఎస్" అక్షరం చేరిస్తే వ్యాకరణమూ సరిపోతుంది. అమ్మాయి ఉత్సాహంగా దానిని బడిలో చూపించుకున్నది. ఎర్ర సిరా గీతలతో, పదికి నాలుగు మార్కులతో తిరిగివచ్చింది. ఆ టీచరుగారిని నేను తప్పుపట్టను. తరగతిలో 50 మంది. ఒక్కొక్క నోట్సుకు అయిదు నిమిషాలన్నా 250 నిమిషాలు, అంటే నాలుగు గంటలకు పైమాటే. అలసిన కంటికి తప్పు కనపడినంత త్వరగా ఒప్పు కనపడదు. గైడు వ్యాసాలు వరసగా వస్తే దిద్దడం తేలిక కూడాను.

అంచేత ఉపాధ్యాయ మిత్రులకు నేను మనవి చేసేది, అన్నీ దిద్దవద్దని. ఈ వారం క్రియలకు "ఎస్" చేరుతున్నదో లేదో అదొక్కటే చూడండి. వచ్చే వారం భూతకాలం. మిగతా తప్పులు ఎక్కడికీ పారిపోవు. 50 నోట్సుల్లో వారానికి పది తీసుకోండి. ఒక మంచి వాక్యం దొరికితే, రాసిన పిల్ల చేతనే లేచి బిగ్గరగా చదివించండి. మిగతా 49 మందికీ మీ ఉపన్యాసం కంటె అది ఎక్కువ పనిచేస్తుంది. "బ్యూటిఫుల్", "నైస్", "వెరీ" అనే మూడు మాటలను ఒక నెలపాటు తరగతిలో నిషేధించి చూడండి. పిల్లలు మొదట విలవిలలాడుతారు, తరువాత రంగులూ వాసనలూ వెతుక్కుంటారు. న్యూయార్కులో కెన్నెత్ కోక్ అనే కవి 61వ నంబరు పబ్లిక్ స్కూలు పిల్లల చేత పద్యాలు రాయించిన తీరు 1970లో పుస్తకంగా వచ్చింది. ప్రతి పంక్తినీ "ఐ విష్" అని మొదలుపెట్టమనేవాడు, అంతే. ప్రాస అక్కరలేదన్నాడు. స్పానిషు మాటలు పెట్టుకొమ్మని కూడా చెప్పాడు. వారు చిన్న తరగతుల పిల్లలే. కాని మన తొమ్మిదో తరగతికి కూడా ఆ కిటుకు బాగానే పారుతుంది.

ఇంటి మాటలు పెట్టుకొమ్మనడంలో మరొక లాభం వున్నది. "ఆంట్" అనే ఇంగ్లీషు మాట తీసుకోండి. పిన్ని, పెద్దమ్మ, మేనత్త, మేనమామ భార్య - నలుగురూ ఆ ఒక్క మాటలో కూరుకుపోతారు. మన ఇళ్ళలో పెత్తనం మేనత్తది, గారాబం పిన్నిది. "కజిన్" మరీ అన్యాయం. బావ వచ్చాడని తలుపు చాటుకు పోయిన అక్క సంగతి ఒక పిల్లవాడు కథగా రాస్తూ "హర్ కజిన్ కేమ్" అన్నాడు. ఇక తలుపు చాటుకు ఎందుకు పోయినట్టు? "బావ" అనే మాట అలాగే వుంచి, బావ అంటే ఎవరో ఒక్క వాక్యంలో చెప్పమన్నాను. ఆ ఒక్క వాక్యం రాయడానికి వాడికి అరగంట పట్టింది. ఆ అరగంటలో వాడు నేర్చుకున్న ఇంగ్లీషు ఏ గైడులోనూ లేదు, నేర్చుకున్న తెలుగు ఏ వాచకంలోనూ లేదు. అలాగే మన నాంపల్లి పిల్లల "నక్కో". అది "నో" కాదు, "నో థాంక్యూ" కాదు. వద్దు బాబూ వద్దు అని చేతులు కూడా ఊపే మాట. దాన్ని ఆటోవాడితో బేరమాడే సంభాషణలో పెట్టమంటే తరగతి తరగతంతా మేలుకొంటుంది.

ఇది నా సొంత వాదమేమీ కాదు. పిల్లవాడి ఇంటి భాష తరగతికి అడ్డంకి కాదు, ఆసరా అని 2005 నాటి జాతీయ విద్యా ప్రణాళికే చెప్పింది. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు వుండే వాచకాలు వేశారు. ఎదురెదురు పేజీలు అచ్చువేసి, మధ్యలో గోడ కడితే ప్రయోజనమేమిటి?

ఇడ్లీ బండి తల్లి ఒకనాడు నన్ను దారిలో ఆపింది. "సారూ, పిల్ల నా గురించి రాసిందంట గద. మంచిగనే ఉన్నది. గని గీ రాతలకు మార్కులొస్తయా?" అని అడిగింది.

ఆ ప్రశ్నను తేలికగా తీసిపారేయడానికి వీలులేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి ఫీజు కట్టే మనిషి అడుగుతున్నది. "ఎప్పుడూ రావు తల్లీ. మొన్న రాలేదు కూడా" అని వున్నది వున్నట్టే చెప్పాను. గైడు చూసి రాసేవాళ్ళకు తెలిసిన ప్రశ్న వస్తే ఎనిమిది వస్తాయి, తెలియనిది వస్తే సున్నా. ఈ పిల్లకు ఏ ప్రశ్న వచ్చినా నాలుగుకు తగ్గవు, తప్పులు దిద్దుకొన్నకొద్దీ పెరుగుతాయి అని కూడా చెప్పాను. ఆమె పూర్తిగా నమ్మినట్టు కనపడలేదు. "రెండూ నేర్పుండ్రి సారూ" అన్నది. ఇప్పుడు ఆ అమ్మాయి పరీక్షకు గైడు, శనివారానికి సొంతం, రెండూ రాస్తున్నది. నాకు మనసొప్పకపోయినా, ఆ తల్లి తీర్పు కొట్టివేయదగ్గది కాదు.

ఇంట్లో ఇంగ్లీషు చదివినవారు లేరే, పిల్లలకు మేమేం చేయగలం అని చాలామంది తలిదండ్రులు అడుగుతారు. అమ్మమ్మో నాయనమ్మో వుంటే చాలు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు కథల పుస్తకం ఒకటి బేరమాడి కొనండి, మంచిదే. కాని దానికంటె ముందు, పిల్లవాణ్ణి అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టి ఆమె చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పించుకొమ్మనండి. దాన్ని ఇంగ్లీషులో రాయాలి. రాసినది తిరిగి తెలుగులో ఆమెకు చదివి వినిపించాలి. ఆమె తప్పులు పడుతుంది, వ్యాకరణంలో కాదు, సంగతుల్లో. మా వరండా బృందంలో ఒక కుర్రవాడి అమ్మమ్మది మహబూబ్‌నగర్ వైపు పల్లెటూరు. వాడు ఆమె పుట్టింటి ఎడ్లబండి గురించి రాసి, మొదటి వాక్యంలోనే "టూ వైట్ బుల్స్" అని పెట్టి వినిపించాడట.

"ఆగు బిడ్డా, ఒకటే తెల్లది" అన్నదట ఆవిడ. "రెండోదాని చెవు కాడ నల్ల మచ్చ. గది రాయకుంటె మా ఎద్దులు గాదు."

వాడు కొట్టివేసి మళ్ళీ రాశాడు. చెవి దగ్గర మచ్చకు ఇంగ్లీషులో ఏమనాలో అడగడానికి శనివారం దాకా ఆగలేక, బుధవారం రాత్రే మా ఇంటి తలుపు తట్టాడు.